హద్దురాయి దగ్గర ఆరో షాటు

మా తమ్ముడు పాండుకు ఒక జబ్బు ఉండేది. నేను చెప్పిన మాట వినే జబ్బు. "కమల కూసోమంటె కూసుంటడు, లెవ్వుమంటె లేస్తడు" అని సూర్యాపేటలో మా బట్టల దుకాణానికి వచ్చినవాళ్ళకల్లా మా నాయన చెప్పి నవ్వేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ముక్కు ఎప్పుడు ఎర్రబడుతుందో నాకన్నా ముందు వాడికే తెలిసేది. ఒక్క సినిమా విషయంలోనే వాడు నా మాట వినలేదు. అందులోనూ ఒకే ఒక్కసారి విన్నాడు. ఆ ఒక్కసారీ వినకుండా ఉంటే ఎంత బాగుండేదో.

ఇది 1948 మార్చి నాటి మాట. నాకు ఇరవై, వాడికి పద్దెనిమిది. ఇద్దరం హైదరాబాదులో చదువుతూ, కాలేజీలు బహిష్కరించమని పిలుపు వచ్చినప్పుడు పెట్టెలు సర్దుకుని ఇంటికి వచ్చేశాం. నేను ఇంటిపట్టున ఉన్నాను. వాడు ఊరుకుంటేనా? ఆగస్టు పదిహేనున ముగ్గురు స్నేహితులతో మిర్యాలగూడ వెళ్ళి, తహసీలు కచేరీ ముందు మూడు రంగుల జెండా ఎగరేసి వచ్చాడు. ఆ ముగ్గురూ దొరికిపోయారు. వాళ్ళలో ఒకడు జైలు నుంచి కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఇంకిద్దరు ఎక్కడున్నారో వాళ్ళ అమ్మానాన్నలకే తెలియదు. పాండు పేర వారంటు తిరుగుతూ ఉంది.

వాడు బయట గాలి పీలుస్తున్నాడంటే అది మునగాల పుణ్యం. మునగాల పరగణా సంగతి ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. ఇటు సూర్యాపేట నిజాం రాజ్యం, అటు కోదాడ నిజాం రాజ్యం. నడుమ మునగాల, నడిగూడెం, ఇంకో నలభై ఊళ్ళు మాత్రం కృష్ణా జిల్లా కింద, అంటే ఇండియా కింద. పప్పన్నం మధ్యలో నేతి గుంట ఉన్నట్టు. ఆ గుంటలో ఉన్నంతసేపు నిజాం జవాను పాండు మీద చెయ్యి వెయ్యడానికి లేదు. హద్దు దాటి ఒక్క అడుగు అవతల పెడితే వేస్తాడు. అందుకని మునగాలలో మా సత్తమ్మ చిన్నమ్మ ఇంట్లో పెట్టాం వాడిని, తోడుగా నేనూ అక్కడే ఉన్నాను. నాకు ఆ రోజుల్లో ఉన్న పని ఒక్కటే, వాడు ఆ గుంట దాటకుండా చూడడం.

పద్దెనిమిదేళ్ళవాడు ఏడు నెలలు చిన్నమ్మ ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది? పిచ్చి పడుతుంది. వాడికి సినిమా పిచ్చి పట్టింది. హైదరాబాదులో క్లాసులు ఎగ్గొట్టి ఒక స్టూడియోలో పెళ్ళిళ్ళ ఫిలిం తీసేవాళ్ళ దగ్గర కొంత పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తనే ఒక చిన్న సినిమా తీస్తానన్నాడు. వాడికి తోడు కృష్ణమూర్తి. కోదాడ పిల్లవాడు, బెజవాడ కాలేజీలో చదువుతున్నాడు, పాండు ఈడువాడు. వాడి మేనమామకు బెజవాడలో ఫోటో స్టూడియో ఉంది, అందులో కీ ఇచ్చి తిప్పే చిన్న సినిమా కెమెరా ఉంది. వారం రోజులకని అడిగి, బియ్యం గంప అడుగున దాచి, నాకాలో తనిఖీ తప్పించి మునగాల తెచ్చాడు. సరిహద్దులో సుంకం వసూలు చేసే చౌకీని మేం నాకా అనేవాళ్ళం. దానితోపాటు నూరడుగుల రీలు ఒక్కటే తెచ్చాడు. మొత్తం తిప్పితే మూడు నిమిషాలు కూడా రాదు.

కథ పాండుదే. ఆ ఏడు నిజాం వైపు ఉప్పు దొరక్క జనం అల్లాడుతున్నారు. మునగాలలో ఉప్పు కొని, నాకావాళ్ళ కళ్ళుగప్పి, అవతలి తండాకు మోసుకుపోయే తల్లి కథ. ఇంట్లో ఉప్పు లేని కూర, బజారులో ఉప్పు మూట, బాట, వాగు, మళ్ళీ బాట, చివరికి హద్దురాయి. అక్కడ జవాను చెయ్యి అడ్డం పెడతాడు, ఆమె అతని మొహంలోకి చూస్తుంది. అంతే. ఆరు షాట్లు. మాటల్లేవు. బెజవాడలో కృష్ణమూర్తి కాలేజీ వార్షికోత్సవంలో వెయ్యాలని వాళ్ళ ఆశ.

ఇద్దరూ రెండు రోజులు కళ గురించి వాదించుకున్నారు. మంగలం మీద గింజల్లా ఎగురుతున్నారు తప్ప, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు తియ్యాలి, మూట ఎవరు తేవాలి అనే ధ్యాస లేదు. నాకు ఒళ్ళు మండింది.

"మీ కళ సంకనాకిపోను! కాయితం ఇటియ్యిన్రి" అన్నాను.

బట్టల తానులకు చుట్టి వచ్చే మందపాటి కాగితం ఒకటి తెచ్చుకుని దాని మీద ఆరు గళ్ళు గీశాను. ఒక్కో గడిలో ఒక్కో షాటు, తెర మీద ఎలా కనపడాలో అలా బొమ్మ వేశాను. కింద స్థలం, పొద్దు, మనుషులు, సామాను. కెమెరాకు ఒకసారి కీ ఇస్తే అర నిమిషం తిరుగుతుంది, అందుకని ఏ షాటూ అర నిమిషం దాటకూడదు. అంతా సరిపోయింది. ఆరో గడి దగ్గరే గొడవ వచ్చింది.

"హద్దురాయి ఉత్తది పెడ్దాం. ఎనక దొడ్లె ఒక రాయి పాతి తీస్తె సాలు" అన్నాను.

"ఉత్తరాయి పెడితె ఉత్త సినిమానే అయితది అక్కా" అన్నాడు పాండు. "గా రాయిని రోజు సూస్తున్న నేను. ఏడు నెలలు. గదే కావాలె నాకు."

వాడు ఎదురు చెప్పడం అదే మొదలు. నేను ఎంత అరిచినా తల వంచుకుని "గదే రాయి" అంటూ కూర్చున్నాడు. వాడి మొహం చూస్తే జాలి వేసింది. సరే, రాయి అసలుదే, కానీ ఒక్క మనిషి కూడా దానికి అవతల కాలు పెట్టకూడదు అని షరతు పెట్టాను. కాగితం మీద ఆ మాట పెద్దక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను.

తల్లి వేషానికి మనిషి దొరకడం కష్టమైంది. మునగాలలో అడిగిన ఇంటల్లా తలుపు వేసుకున్నారు. చివరికి మా చిన్నమ్మకు కట్టెలు వేసే మంగ్లీ ఒప్పుకుంది. హద్దుకు అవతలి తండా మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, నిజంగానే వారానికి రెండుసార్లు ఉప్పు మోసుకుపోతుంది. ఇసుక నింపిన మూట చేతికిస్తే ఎగాదిగా చూసింది.

"ఇస్క మోస్తె ఇస్క మోసినట్లె నడుస్త. ఉప్పు పెట్టు పిల్లా, ఉప్పు లెక్కనె నడుస్త" అంది.

ఆ ఉప్పే తనకు కూలి అని కూడా తేల్చేసింది. ఆమెకున్న తెలివి మా ముగ్గురికీ కలిపి లేదని ఆ రోజే నాకు తెలియాల్సింది.

శనివారం సాయంత్రం ఐదు గంటలకు పాండు, మంగ్లీ, నేను హద్దురాయి చూడడానికి వెళ్ళాం. కోదాడ వైపు పోయే పాత బండ్ల బాట అది. రెండు వైపులా మనిషి ఛాతీ ఎత్తు గట్లు, గట్ల మీద సందు లేకుండా తుమ్మకంప. బాటకు కుడి పక్కన రాయి. రాయికి పడమర మనది, తూర్పు నిజాంది. తూర్పున ఇంకో రెండు వందల అడుగులు పోతే బాట మలుపు తిరుగుతుంది, ఆ మలుపు అవతల నాకా గుడిసె. పొద్దు మా వెనక ఉంది. రాయి మీద ఎండ పచ్చగా పడుతోంది. పాండు రాయికి ఇరవై అడుగులు ఇవతల గొంతుక్కూర్చుని చేతులు దూరబీను పట్టినట్టు పట్టి చూసి, "గీన్నుంచి తీస్తె బంగారం అక్కా" అన్నాడు.

నేను గులకరాళ్ళు ఏరి మనుషులు నిలబడే చోట్ల పెట్టాను. జవాను ఇక్కడ. మంగ్లీ ఇక్కడి నుంచి నడక మొదలు, ఇక్కడ ఆగాలి. అన్నీ హద్దుకు ఇవతలే. నేను వేసిన బొమ్మలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కో గులకరాయి వచ్చింది. కెమెరా పట్టుకునేవాడు బొమ్మలో ఉండడు గదా, వాడికి రాయి పెట్టలేదు.

"జవాన్లు ఎప్పుడుంటరు గీడ?" అని మంగ్లీని అడిగాను.

"పొద్దుమీకి నలుగురుంటరు. పొద్దుగాల జమేదారు ఇద్దర్ని తీస్కోని కోదాడకు పోతడు, తొమ్మిదైనంక వస్తడు. ముసలోడు ఒక్కడుంటడు, వాడు నిద్రనే పోతడు."

ఇంకేం, మంగళవారం పొద్దున ఏడున్నర అని రాసేశాను. పది గంటల బస్సుకు కృష్ణమూర్తి కెమెరా తీసుకుని బెజవాడ పోవాలి, మర్నాడు మేనమామకు ఎవరిదో పెళ్ళి ఫిలిం తీసే పని ఉంది. అదీ కలిసొచ్చింది. ఇంత చక్కగా ఎవరు చేస్తారని నాలో నేనే మురిసిపోయాను. ఆది, సోమవారాల్లో ఐదు షాట్లూ కాగితంలో ఉన్నట్టే పూర్తయ్యాయి. రీలులో సరిగ్గా అర నిమిషం మిగిలింది.

మంగళవారం తెల్లవారి నలుగురం బాట పట్టాం. కృష్ణమూర్తి జవాను వేషంలో ఉన్నాడు. మా చిన్నమ్మ దగ్గర బంధువు ఒకాయన పోలీసు నౌకరీ చేసి వదిలేసిన ఖాకీ చొక్కా, నిక్కరు, నడుముకు పటకా, చేతిలో లాఠీ. పాండు భుజం మీద కెమెరా, నా చంకలో దాని మూడు కాళ్ళ స్టాండు. రాయి దగ్గరికి చేరేసరికి పాండు ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో నాకు అర్థం కాలేదు.

"అక్కా" అన్నాడు మెల్లగా. "ఎండ ఎదురుంగున్నది."

నేను తలెత్తాను. పొద్దు సరిగ్గా హద్దురాయికి పైన, మా కళ్ళలోకి కొడుతూ ఉంది. సాయంత్రం వచ్చి చూసిన చోటు, పొద్దున తియ్యాలని రాసుకున్నాను. పొద్దు తూర్పున పొడుస్తుందని పశువులు కాసేవాడికి కూడా తెలుసు. నాకు జవాన్లు ఎప్పుడుండరో లెక్క ఉంది, బస్సు ఎప్పుడొస్తుందో లెక్క ఉంది, సూర్యుడి లెక్క లేదు.

"ఇట్లాగే తీస్తే ఏమవుద్ది?" అన్నాడు కృష్ణమూర్తి.

"తెల్లగ అయితది. మనిషి కనపడడు. ఎండ మన ఈపు మీద ఉండాలె."

ఎండ వీపు మీద ఉండాలంటే కెమెరా ఆ చివర పెట్టి ఇటు తిప్పాలి. పక్క నుంచి తీద్దామంటే రెండు వైపులా గట్టు, కంప. ఉన్నది ఆ చివర, లేకపోతే ఈ చివర. ఆ చివరంటే రాయికి అవతల. పాండు అప్పటికే ఒక అడుగు ముందుకు వేశాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాను.

"రాయి దాటితె నా మీద ఒట్టే."

"అర నిమిషమే గదా అక్కా."

"అర నిమిషం గాదు, అర అడుగు గూడ వద్దు."

"వదిలేద్దాం కమలక్కా" అన్నాడు కృష్ణమూర్తి. "ఐదు షాట్లతోనే ఏదో ఒకటి చేద్దాం. లేకపోతే మా మామయ్యని బతిమాలి మళ్ళీ ఎప్పుడైనా తెస్తాను."

మళ్ళీ ఎప్పుడు? ఈసారికే వాడు నాకాలో దేవుడికి దండం పెట్టుకుంటూ వచ్చాడు. వదిలేద్దాం అనాల్సింది నేనే. నోటి దాకా వచ్చింది కూడా. పాండు రాయి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏడు నెలల్లో వాడు నన్ను అడిగిన కోరిక ఇదొక్కటే. పైగా తప్పు నాది. నా తప్పు వల్ల ఆగిపోయిందని రేపు ఎవరైనా అంటే నేను భరించలేను. నిజం చెప్పాలంటే వాడి మీద ప్రేమ ఎంతో, నా పంతమూ అంతే.

"నేను తీస్త" అన్నాను. "నా పేర వారంటు లేదు. కీ ఎట్లిచ్చుడో చెప్పు."

పావుగంటలో వాడు నాకు కెమెరా నేర్పాడు. కీ ఎన్ని చుట్లు తిప్పాలి, ఏ మీట నొక్కి పట్టాలి, పక్కనున్న గొట్టంలోంచి ఎలా చూడాలి. మీట వదిలితే ఆగిపోతుంది. మధ్యలో ఆగితే షాటు ముక్కలవుతుంది, ఇంక ఫిలిం లేదు. "ఏమన్న గానీ, కీ అయిపోయేదంక ఏలు తియ్యకు. కన్ను తియ్యకు" అని నాలుగుసార్లు చెప్పాడు. వాడు నాకు ఆజ్ఞలు ఇవ్వడం, నేను తల ఊపడం ఆ రోజే చూశాను.

నేను స్టాండు తీసుకుని రాయి దాటాను. నేల అదే నేల, దుమ్ము అదే దుమ్ము.  ఇరవై అడుగులు అవతల స్టాండు పాతి, కెమెరా బిగించి, ఇటు తిప్పాను. ఎండ నా వీపు మీద వెచ్చగా తగిలింది.

మంగ్లీ మూట నెత్తిన పెట్టుకుని అంతా చూస్తూ ఉంది.

"ఓ పిల్లా, నువ్వు ఇటు సూస్తవు. గీ వేషపు జవాను నా దిక్కు సూస్తడు. నీ ఎన్క ఎవలు సూస్తరు?"

"ముసలోడు నిద్రపోతడంటివి గదా."

"నిద్రపోయెటోడు లేవడా? ఒక్కలన్న సూస్కోవాలె. నాకు గిన కనపడితె నేను మూట పడేసి ఉరుకుత. మీ సినిమా గినిమా నాకెర్క లేదు."

"అర నిమిషమే మంగ్లీ" అన్నాను. కాసేపటి కింద తమ్ముడు అన్నప్పుడు కోపం తెచ్చిన మాటే నా నోట్లోంచి వచ్చింది.

పాండు ఇవతలే ఉండి మంగ్లీకి నడక చెప్తున్నాడు. ఆమెది ఉప్పు మోసే నడక, గబగబా సాగుతుంది. అలా నడిస్తే పది లెక్కపెట్టేసరికి అయిపోతుంది. పాండు ఆమె పక్కన నడుస్తూ, చేత్తో మెల్లగా మెల్లగా అంటూ, రెండుసార్లు నడిపించాడు. కృష్ణమూర్తి రాయి పక్కన నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను కీ నిండా ఇచ్చి గొట్టంలో కన్ను పెట్టాను. అంతా అందులో చిన్నగా, ముద్దుగా కనపడింది. రాయి, ఖాకీ వీపు, దూరంగా ఎర్ర పరికిణీలో మంగ్లీ, ఆమె పక్కన తెల్ల చొక్కాలో మా వాడు, ఇంకా చెయ్యి ఊపుతూ.

"పాండూ, తప్పుకో! బొమ్మలె పడుతున్నవ్!"

వాడు అటు చూశాడు, ఇటు చూశాడు. రెండు వైపులా కంప. వెనక్కి పోతే బాట పొడుగునా నాకు కనపడుతూనే ఉంటాడు, మునగాల వైపున్న మలుపు దాకా పోవాలంటే పొద్దు పోతుంది.

"తొందరగ తప్పుకోరా! ఎండ మీదికొస్తున్నది!" అని నేను గొంతు చించుకున్నాను. నా ముక్కు ఎర్రబడి ఉంటుంది.

బొమ్మలో పడకుండా ఉండే చోటు ఒక్కటే ఉంది, కెమెరా వెనక. వాడు పరిగెత్తాడు. మంగ్లీని దాటి, కృష్ణమూర్తిని దాటి, రాయిని దాటి, నా పక్క నుంచి దుమ్ము రేపుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు. వాడి ఆయాసం నా మెడకు తగిలింది.

వాడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. నేను పెట్టిన ఒట్టు నేనే తీసి గట్టున పెట్టానని తెలుసు. వెనక్కి పో అనడానికి నోరు తెరిచాను. పోతే మళ్ళీ బొమ్మలో పడతాడు.

"తియ్యక్కా" అన్నాడు వాడు, నవ్వు దాచుకోలేని గొంతుతో. "మంగ్లీ, నడువు!"

మీట నొక్కాను. కెమెరా గిర్రున తిరగడం మొదలైంది. మంగ్లీ నడిచింది. ఎంత చక్కగా నడిచిందో! మూట బరువుకు మెడ నిక్కబొడుచుకుని, అడుగు తర్వాత అడుగు. ఐదు. ఎనిమిది. పది. నేను లోపలే లెక్కపెడుతున్నాను.

పన్నెండు దగ్గర వెనక అడుగుల చప్పుడైంది. ఒకరివి కావు. తర్వాత ఏదో బరువైనది నేలకు తగిలిన చప్పుడు, గొంతులో నొక్కుకుపోయిన ఒక మూలుగు. నా మెడకు తగులుతున్న ఊపిరి పోయింది.

గొట్టంలో మంగ్లీ ఆగిపోయింది. ఆమె కళ్ళు నా మీద నుంచి, నా వెనక్కి పోయాయి. ఆ కళ్ళు పెద్దవయ్యాయి. మూట మీది చెయ్యి జారింది. ఉరుకుతుందనుకున్నాను. ఉరకలేదు. పెదవులు బిగబట్టి మళ్ళీ ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. కృష్ణమూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె అతని మొహంలోకి చూడాలి. చూడలేదు. అతని భుజం మీద నుంచి నా వెనక్కే చూస్తూ ఉండిపోయింది. ఇరవై ఆరు. ఇరవై ఏడు. కీ అయిపోయింది, కెమెరా దానంతటదే ఆగింది.

అప్పుడు తిరిగాను.

ఇద్దరు జవాన్లు పాండును పట్టుకుని ఉన్నారు. ఒకడి అరచెయ్యి వాడి నోటి మీద ఉంది, రెండోవాడు ఎడమ చెయ్యి వెనక్కి విరిచాడు. జమేదారు నా వైపు వస్తున్నాడు. ముసలి జవాను నిద్రపోలేదు. మలుపు దాకా వచ్చి, మూడు కాళ్ళ మీద డబ్బా చూసి, మునగాలవాళ్ళు రాయి జరపడానికి భూమి కొలుస్తున్నారనుకున్నాడట. వెనకాలే ఉరికి, అప్పుడే కోదాడ తోవ పట్టిన జమేదారును వెనక్కి తీసుకొచ్చాడట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

నేను పాండు మీదికి దూకాను. జమేదారు లాఠీ అడ్డం పెట్టి నెట్టాడు, బాటలో బోర్లా పడ్డాను. ఇంతలో కృష్ణమూర్తి నోటికొచ్చినట్టు అరుస్తూ ఇటు పరిగెత్తుకొచ్చాడు. ఒంటి మీద ఖాకీ, చేతిలో లాఠీ. అది నాటకం బట్ట అని వాళ్ళకేం తెలుసు? ఇండియా యూనియన్ పోలీసులు హద్దు దాటి వస్తున్నారనుకుని జమేదారు గిరుక్కున తిరిగాడు. "చలో, చలో!" అంటూ ముగ్గురూ పాండును ఈడ్చుకుంటూ మలుపు వైపు ఉరికారు. నోటి మీది చెయ్యి జారగానే వాడు ఒక్క మాట అరిచాడు.

"అక్కా, డబ్బా తీస్కపో!"

నేను వెంటపడబోతే కృష్ణమూర్తి నడుము పట్టి ఆపాడు. నన్నూ, కెమెరానూ రాయికి ఇవతలికి ఎలా తెచ్చాడో నాకు గుర్తు లేదు. వాడి చెయ్యి కొరికానని వాడే తర్వాత చెప్పాడు.

ఆ సాయంత్రం మంగ్లీ మా చిన్నమ్మ ఇంటి గడపలో కూర్చుంది. కూలికని ఇచ్చిన ఉప్పు మూట పక్కన పెట్టుకుంది, తీసుకుపోలేదు.

"నేను ఉరుకుదామనుకున్న పిల్లా. ఒర్రి మొత్తుకుందామనుకున్న. నోరు మూసిండ్రు గని ఆ పిలగాని కుడి చెయ్యి ఇడిసి ఉండె. గా చెయ్యితోని నాకు ఇట్లిట్ల అన్నడు, నడువు, నడువు అని. గందుకె నడిచిన."

ఆమె గాలిలో ఆ చెయ్యి ఊపి చూపిస్తుంటే నేను లేచి దొడ్లోకి పోయి నెత్తి గోడకేసి కొట్టుకున్నాను. కొట్టుకుంటే వాడు వస్తాడా?

మా నాయన కోదాడ పోయాడు, నల్లగొండ పోయాడు, చేతులు పట్టుకోవలసిన వాళ్ళందరి చేతులూ పట్టుకున్నాడు. వాడు ఏ జైల్లో ఉన్నాడో తెలియడానికే రెండు నెలలు పట్టింది. రీలు బెజవాడ పోయింది, అక్కడి నుంచి మద్రాసు పోయి కడిగించుకుని వచ్చింది. జులైలో కాలేజీలో వేశారు. కృష్ణమూర్తి ఉత్తరం రాశాడు. చివర ఆ ఆడమనిషి కళ్ళు చూసి హాలంతా ఊపిరి బిగబట్టిందనీ, అంత గొప్ప నటి ఎక్కడ దొరికిందని ప్రిన్సిపాలు అడిగారనీ రాశాడు. ఆ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాను.

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. నిజాం రాజ్యం పోయింది, హద్దురాయికి అర్థం లేకుండా పోయింది. అక్టోబరులో పాండు ఇంటికి వచ్చాడు. పందిరి గుంజలా ఎండిపోయాడు. ఎడమ చెవి వినపడదు. లోపల ఏం చేశారని మా నాయన అడిగితే, "ఖతం అయింది గద, ఇడిసెయ్యి" అన్నాడు. వచ్చిన నాలుగో రోజే సినిమా చూస్తానన్నాడు.

కృష్ణమూర్తి సినిమా వేసే మిషను తెచ్చాడు. దుకాణం మూసి, లోపలి గోడకు తెల్ల తాను కట్టాం. మా నాయన, చిన్నమ్మ, ఇరుగుపొరుగు, అందరూ కింద కూర్చున్నారు. పాండు నా పక్కన కూర్చున్నాడు. ఐదు షాట్లూ పోయాయి, ఆరోది వచ్చింది. మంగ్లీ నడిచింది, ఆగింది, చూసింది.  తాను మీద వెలుగు తెల్లబడ్డాక కూడా పాండు చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా" అన్నాడు చివరికి. "గాడ వాళ్ళు పట్టుకున్నంక నాకు ఒక్కటే భయం. నువ్వెక్కడ ఎన్కకు మర్లి సూస్తవో అని. నీకు ఇనపడలే గద?"

లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఏడు నెలలుగా ఆ మాట నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

"ఇనపడ్డది" అన్నాను.

నేను వాడికి ఎడమ పక్కన ఉన్నాను. వాడు మొహం తిప్పి, మంచి చెవి నా వైపు పెట్టాడు.

"ఆఁ? ఏమన్నవ్?"

అందరూ మా వైపే చూస్తున్నారు. నేను గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"ఇనపడ్డది తమ్మీ. ఏదో అయిందని ఎర్కయింది. ఎర్కయి గూడ సూడలే."

పాండు తల ఊపాడు.

"సూస్తె షాటు ఖరాబయితుండె" అన్నాడు.

మా నాయన లేచి దుకాణం తలుపులు తీశాడు. చిన్నమ్మ తాను విప్పి మడత పెట్టింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.